గోడ అవతలి ఆకుకూర

మా పక్క వీధిలో ఉండే అమ్మాయి మొన్న శనివారం మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. ఉద్యోగానికి వచ్చిన మొగుళ్ళ వెంట హెచ్-4 వీసా మీద ఉన్న భార్యల్లో కొందరు ఇక ఉద్యోగం చేసుకోవచ్చని ఈ ఏడు ఇక్కడ అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ అనుమతి కార్డు ఆ పిల్లకు వచ్చిందట. కాజూ బర్ఫీ నా చేతిలో పెట్టి, ఫోనులో ఆ కార్డు ఫోటో చూపించి, "ఆంటీ, మీ టైమ్‌లో ఇది లేదు కదా, మరి అన్నేళ్ళు ఇంట్లో కూర్చుని ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. అడగడంలో దురుద్దేశం లేదు. ఆంటీ అనడంలో కొంచెం ఉందేమోనని నా అనుమానం గానీ, బర్ఫీ బాగుంది కాబట్టి వదిలేశాను. ఏం చేశానో గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు గనక, వంట చేశానమ్మా అని చెప్పి పంపించాను. కానీ సూట్‌కేసులో ప్రెషర్ కుక్కరూ డిగ్రీ సర్టిఫికెట్లూ పక్కపక్కనే సర్దుకుని వచ్చి, కుక్కరు మాత్రమే బయటికి తీసిన నా ఈడు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించి ఇలా రాస్తున్నాను.

ఇక్కడికి రాకముందు నేను గుంటూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. మంచి టీచరునో కాదో పిల్లలే చెప్పాలి గానీ, స్టాఫ్ రూములో నాతో వాదనకు దిగిన పెద్దవాళ్ళు కాసేపటికి క్లాసుందని సాకు చెప్పి లేచిపోయేవాళ్ళు. అంత నోరు పెట్టుకుని 2003లో మూడేళ్ళ కూతురితో టెక్సస్‌లోని ప్లేనోలో దిగాను. మా ఆయన పొద్దున్నే ఉన్న ఒక్క కారూ తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా ఆ రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో నేనూ, పిల్లా, గుర్రుమనే ఏసీ. వాదించడానికి మనిషి లేడు. పాస్‌పోర్టులోనూ, కాగితాల్లోనూ ఎక్కడ చూసినా నా పేరు పక్కన డిపెండెంట్ అని ఉండేది. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నవ్వాను, ఎందుకంటే మా ఆయనకు సాక్సులు ఎక్కడున్నాయో చెప్పాల్సింది నేను. తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది.

అపార్ట్‌మెంట్‌కు దగ్గర్లో నడిచి వెళ్ళగలిగింది ఒక్క లైబ్రరీయే, అదీ ఆరు వరసల రోడ్డుకు అవతల. ఆ రోడ్డు పక్కన నడవడానికి చోటు సగం దూరమే ఉండేది, మిగతా సగం గడ్డి. టెక్సస్ ఎండలో పిల్లను స్ట్రోలర్‌లో తోసుకుంటూ ఆ గడ్డిలో వెళ్తుంటే, కార్లవాళ్ళు జాలిపడి ఆపి, కారు చెడిపోయిందా, సాయం కావాలా అని అడిగేవాళ్ళు. ఊరికే నడుస్తున్నానని చెబితే నమ్మేవాళ్ళు కాదు. మన ఊళ్ళో నడిచే ఆడదాన్ని చూసి ఎవరింటికి వెళ్తోందోనని ఆరా తీస్తారు, ఇక్కడ ఏ కష్టం వచ్చిందోనని ఆరా తీస్తారు. నడిచేది మాత్రం ఎక్కడైనా నేనే.

పిల్లల కథల గంటకని మొదలుపెట్టిన లైబ్రరీ, పిల్ల బడికి వెళ్ళడం మొదలెట్టాక నాకే అలవాటైంది. ప్రతి బుధవారం పొద్దున అక్కడ వెనక గదిలో పాత యూరపు కథల మీద పెద్దవాళ్ళ చర్చ జరిగేది. పిల్లలకు చెప్పే రాజకుమారి కథలే, కానీ అవి ఎక్కడ పుట్టాయి, ఎవరు చెప్పారు, ఎవరు మార్చారు, వాటి అర్థమేమిటి అని మాట్లాడుకునే కూటమి. రిటైరయిన ఒక ప్రొఫెసరమ్మ నడిపేది. వచ్చేవాళ్ళలో చాలామంది జుట్టు నెరిసిన అమెరికన్ ఆడవాళ్ళు, అల్లిక చేతిలో పట్టుకుని. మొదటి రోజు నేను వెనక కుర్చీలో కూర్చున్నాను, కాలేజీలో చదివి మరిచిపోయిన ఈ చిన్నపిల్లల కథల్లో ఏముంటుందిలే అనుకుంటూ. ఉంది. ఆ కథల్లో ఆడపిల్ల ఒక్కతీ కదలదు. ఒకతి ఏళ్ళ తరబడి నిద్రపోతుంది, ఒకతిని గాజు పెట్టెలో పడుకోబెడతారు, ఒకతి పొయ్యి దగ్గర బూడిదలో కూర్చుంటుంది, ఒకతి మెట్లు లేని గోపురంలో జుట్టు దువ్వుకుంటూ ఉంటుంది. వీళ్ళందరిదీ ఏ వీసానో నాకు ఇట్టే తెలిసిపోయింది.

నేను నోరు విప్పింది ఆ గోపురం పిల్ల కథ దగ్గరే. మీకు తెలిసిన కథే అయినా మొదటి భాగం చాలామంది మరిచిపోతారు. ఒక మంత్రగత్తె తోట, చుట్టూ ఎత్తయిన గోడ. పక్కింట్లో ఒక జంట. భార్య నెల తప్పి, కిటికీలోంచి ఆ తోటలోని ఆకుకూర చూసి, అది తినకపోతే చచ్చిపోతానంటుంది. మొగుడు గోడ దూకి తెచ్చిపెడతాడు. ఆమెకు చాలదు. రెండోసారి దూకితే దొరికిపోతాడు, ఆకుకూరకు బదులుగా పుట్టబోయే బిడ్డనే ఇస్తానని ఒప్పుకుంటాడు. ఆ బిడ్డే గోపురంలో పెరిగిన పిల్ల. ఇందులో తప్పెవరిది అని ప్రొఫెసరమ్మ అడిగితే, గదిలో అందరూ తల్లిదేనన్నారు. ఇంత సాలడ్ కోసం బిడ్డను అమ్ముకుంది, ఆశపోతు, నిగ్రహం లేని మనిషి అన్నారు. ఒకావిడ మొగుడిది పిరికితనం అంది. అల్లిక సూదులు ఆడుతూనే ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. వేవిళ్ళ మనిషి కోరిక తప్పని చెప్పే హక్కు మీకెవరిచ్చారని లేచాను. మా వైపు కడుపుతో ఉన్నదానికి నోటికి ఏది తినాలనిపిస్తే అది తెచ్చి పెట్టడం ఇంటివాళ్ళ పనే కాదు, ఇరుగుపొరుగు పని కూడా అని చెప్పాను. పక్కింట్లో చేపల పులుసు వాసన వస్తే, అడగకుండానే గిన్నెలో పోసి గోడ మీంచి అందిస్తారు, ఆ కోరిక తీరకపోతే పుట్టిన బిడ్డకు చెవిలో చీము కారుతుందని మా పెద్దవాళ్ళు భయపెడతారు, చీము సంగతి నేను నమ్మను గానీ ఆ భయం పుణ్యమా అని కడుపుతో ఉన్నవాళ్ళకు నాలుగు ముద్దలు ఎక్కువ దొరుకుతాయి, అది నమ్ముతాను అన్నాను. ఇంత తోట పెట్టుకుని, కడుపుతో ఉన్న పొరుగుమనిషికి గుప్పెడు ఆకు కోసివ్వనిది తప్పు. ఆకులకు గోడ కట్టినవాళ్ళది తప్పు. గోడ ఉన్నచోట తినడం దొంగతనమవుతుంది, గోడ లేకపోతే అది వట్టి భోజనం. ఇంత మాట్లాడి కూర్చున్నాను. ఈ దేశంలో అడుగుపెట్టాక అంతసేపు వరసగా మాట్లాడింది అదే మొదలు.

 ఆ తర్వాత అందరికన్నా పెద్దావిడ, ఈ టెక్సస్ గడ్డ మీదే పుట్టి పెరిగిన మనిషి, అల్లిక ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పింది. వాళ్ళ నాయనమ్మ చెక్ దేశం నుంచి వలస వచ్చిందట. కడుపుతో ఉన్నప్పుడు తినాలనుకున్నది దొరక్కపోతే, బిడ్డ ఒంటి మీద ఆ పండు ఆకారంలో మచ్చ పడుతుందని ఆ నాయనమ్మ అనేదట. మా నాన్న మెడ మీద చెర్రీ పండంత మచ్చ ఉండేది, పాపం ఆవిడకు ఆ చలికాలం చెర్రీలు దొరకలేదు కాబోలు అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆ గది నాదయింది.

ఆ వెంటనే వచ్చిన బుధవారానికి ఇండియన్ స్టోర్‌లో గోంగూర కట్ట కొని తీసుకెళ్ళాను. ఎర్ర కాడలు చూసి మురిసిపోయి, పచ్చి ఆకు నమిలి, పులుపుకు మొహాలు ముడుచుకున్నారు. మా వైపు అయితే ఆ మంత్రగత్తె తోటలో ఉండేది ఇదే అని, కథ మొత్తం గోంగూరతో మళ్ళీ చెప్పాను. ఎర్ర కాడల పుల్లాకు, దాన్ని చూసి నోరూరిన నెలతప్పిన మనిషి, చుట్టూ గోడ. ఇందులో నేను చేసిన అన్యాయమేమీ లేదు. ఈ కథ ఇటలీలో చెప్పినప్పుడు అది మన కొత్తిమీరకు దాయాది లాంటి ఆకు, జర్మనీకి వచ్చేసరికి అక్కడి పొలాల్లో మొలిచే ఇంకో కూర. ఏ దేశానికి వెళ్తే ఆ దేశం పెరట్లో ఉన్న ఆకే తోటలో మొలిచింది. ప్లేనోలో గోంగూర మొలిస్తే తప్పేమిటి?

కొన్నాళ్ళకు ప్రొఫెసరమ్మ ఒంట్లో బాగుండక వేరే రాష్ట్రంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, ఈ కూటమి ఇక ఆవిడ నడపాలి అని నా వైపు చూపించింది. లైబ్రరీ బాధ్యురాలు సరేనంది. జీతం లేదు, నేను అడగనూ లేదు. ఆ చలికాలమంతా బుధవారం కోసమే బతికాను. మంగళవారం రాత్రికే కూర వండి పెట్టుకుని, పొద్దున పిల్ల స్కూల్ బస్సు ఎక్కగానే చీర కట్టుకుని, చలికి పైన మా ఆయన జాకెట్ వేసుకుని, ఆ గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. చాలా సంగతులు చదివి చెప్పాను. ఇంకో కథ మొదటి ముద్రణల్లో పిల్లల్ని అడవిలో వదిలేసినది కన్నతల్లే, తల్లి పేరు చెడిపోతుందని తర్వాత సవతి తల్లిని చేశారని. గోపురం పిల్ల, నెల తప్పిన సంగతి తనకే తెలియక, బట్టలు బిగుతవుతున్నాయేమిటని అమాయకంగా అడిగిన మాట, చిన్నపిల్లలు వినకూడదని తర్వాత తీసేశారని. గోపురాన్ని చూసి పండితులు తీసిన అర్థాలు కూడా చెప్పాను గానీ అవి ఇక్కడ రాస్తే మీ కోడళ్ళ ముందు నా పరువు పోతుంది.

అన్నిటికన్నా నన్ను పట్టుకుని వదలనిది ఆ కథలు చెప్పినవాళ్ళ సంగతి. పల్లెటూరి ముసలమ్మలు చెప్పారని చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే వాళ్ళలో ఎంతోమంది బాగా చదువుకున్న ఇళ్ళ ఆడపిల్లలు. పుస్తకాలు చదివినవాళ్ళు, నాలుగు భాషలు తెలిసినవాళ్ళు, అయినా గడప దాటి చేసే పని లేక ఇంట్లో కూర్చుని, సూదీ దారం పట్టుకుని కథలు చెప్పుకున్నవాళ్ళు. రాసుకున్న మగవాళ్ళ పేరు అట్ట మీదికి ఎక్కింది. చెప్పిన ఆడపిల్ల పేరు ఏ పుటలోనూ లేదు, ఎవరో చెప్పగా విన్నది అని ఊరుకున్నారు. ఈ మాట చెబుతూ ఒక బుధవారం నేను బల్ల గుద్దినట్టు గుర్తు. పేరు పెట్టకపోవడం కూడా దొంగతనమే, గోడ దూకడం కన్నా పెద్ద దొంగతనం అన్నాను. లైబ్రరీ బాధ్యురాలు తలుపు దగ్గర నిలబడి వింటోంది. వసంతానికి కొత్త ప్రకటన వేయించినప్పుడు, రంగు కాగితం మీద నా పూర్తి పేరు, కింద ఇన్‌స్ట్రక్టర్ అని, పెద్ద అక్షరాల్లో వేయించింది. డిపెండెంట్ అన్న మాట పక్కన లేకుండా నా పేరు ఈ దేశంలో అచ్చయింది అదే మొదటిసారి. ఒక కాగితం ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టాను.

ఆ నెలలోనే తెలిసినవాళ్ళ అమ్మాయి పుట్టినరోజుకు వెళ్ళాం. ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టినరోజంటే రాజకుమారి థీమే, గుర్తుందా? నూనె రాసి బిగించి వేసిన జడల మీద ప్లాస్టిక్ కిరీటాలు, నీలం గౌన్లు, ఒక చేతిలో మంత్రదండం, ఇంకో చేతిలో పులిహోర ప్లేటు. కేకు గాజు చెప్పు ఆకారంలో చేయించారు. ఊరుకుంటే పోయేది, కానీ నాకు ఊరుకోవడం రాదు కదా. పాత కథలో ఆ చెప్పు పట్టడం కోసం అక్కలిద్దరూ కాలి వేలూ మడమా కోసుకున్నారని, చివర్లో పావురాలు వాళ్ళ కళ్ళు పొడిచాయని, చేతిలో కేకు కత్తి పట్టుకున్న ఆ తల్లికి చెప్పాను. ఆవిడ కత్తి అలాగే పట్టుకుని, "వదినా, ముందు కేకు కట్ చేయనివ్వు తల్లీ, నీ లెక్చరు లైబ్రరీలో చెప్పుకుందువు గాని. అవునూ, అక్కడ జాబ్ వచ్చిందటగా నీకు, ఇన్‌స్ట్రక్టర్ అని పోస్టర్ వేశారట. పార్టీ ఎప్పుడు?" అంది, అందరూ వినేలా. నేను గర్వంగా నవ్వాను. మా ఆయన నవ్వలేదు. 

మన కుటుంబాలన్నిటికీ వీసా సంగతులు తెలిసిన స్నేహితుడు ఒకరుండేవారు. లాయరు కాదు, లాయరు కన్నా ధీమాగా చెప్పే మనిషి. మాకు అలాంటివాడు మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాడు, మా ఆయనకు ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితుడు, వరంగల్ మనిషి. మర్నాడు ఆదివారం ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఫ్రిజ్ మీద కాగితం మా ఆయన చదివి వినిపించాడు.

"మీరు చేసేది మంచి పనే వదినగారూ, నేను కాదంటలేను," అన్నాడతను. "గానీ ఆ కాయితం మీద ఇన్‌స్ట్రక్టర్ అని ఏసిన్రు సూడున్రి, గదే డేంజర్. రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూల ఎవడన్న తీసి అడిగితే ఏం జెప్తరు?"

"జీతం లేదు అన్నయ్యగారూ. కాఫీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో నేనే పట్టుకెళ్తాను."

"జీతం లేకుంటె ఇంకా డేంజర్. జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి పని మీరు ఊకె జేస్తున్నరంటరు. ఎందుకొచ్చిన లొల్లి, ప్రాసెస్ నడుస్తుండగా? ఎట్లనో గట్ల పేరు తీసెయ్యమనున్రి."

ఫోన్ పెట్టేశాక, అడిగితే చూద్దాం, ఇప్పటినుంచే భయపడటమేమిటి అని నేను వాదించాను. మామూలుగా నేను వాదిస్తే మా ఆయన చివరికి సరేలే అనేవాడు. ఆ రోజు అనలేదు. టేబుల్ దగ్గర కూర్చుని, నీ మాట తప్పని నేననడం లేదు, కానీ మనం వెనక్కి వెళ్ళాల్సి వస్తే అది నీవల్ల వచ్చిందని నేను ఎప్పుడైనా అనేస్తానేమోనని భయంగా ఉంది అన్నాడు.  అరిచి ఉంటే ఎదిరించేదాన్ని. భయపడే మనిషితో వాదన ఎలా గెలుస్తాం?

సోమవారం లైబ్రరీకి వెళ్ళి, ప్రకటనలోంచి నా పేరు తీసేయమని అడిగాను. బాధ్యురాలికి అర్థం కాలేదు. తప్పు అచ్చయిందా అంది. లేదు, అసలు పేరే వద్దు అన్నాను, ఇకమీదట నేను నడపనూ నడపను, పరవాలేదంటే వచ్చి వెనక కూర్చుంటాను. ఆవిడ నా మొహం చూసి, లేచి తలుపు మూసి, నా పక్కన కుర్చీ వేసుకుని, గొంతు తగ్గించి, ఇంట్లో నీకు అంతా క్షేమమేనా, నిన్ను ఎవరైనా బెదిరిస్తున్నారా అని అడిగింది. సొరుగులోంచి, భర్తల వల్ల బాధలు పడే ఆడవాళ్ళకు సాయం చేసేవాళ్ళ నంబరు తీసి, ఎవరికీ కనబడకుండా దాచుకో అని నా చేతిలో పెట్టింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన అలాంటివాడు కాదని చెప్పాను. ఇలా బెదిరే ఆడవాళ్ళందరూ అలాగే చెబుతారన్నట్టు ఆవిడ తల ఊపింది. అప్పుడు విప్పి చెప్పాల్సి వచ్చింది. నా గోపురం మా ఆయన కట్టింది కాదు, ఆయనా అందులోనే ఉన్నాడు, కాకపోతే పని చేసుకోవడానికి బయటికి వెళ్ళి రానిచ్చే కింది అంతస్తులో. నన్ను పెట్టింది మీ దేశపు కాగితం అన్నాను. హెచ్-4 అంటే ఏమిటో, దాని మీద ఉన్న మనిషి ఏం చేయకూడదో చెప్పాను. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళో చదివి, అన్నేళ్ళుగా మా పిల్లలకు కథలు చదివి వినిపించిన ఆ మనిషికి అలాంటి వీసా ఒకటుందనే తెలియదు. చివరికి ఆవిడ, ఈ గదిలో పనికి జీతమిచ్చి మనిషిని తీసుకునే వీలు ఈ ఏడు వస్తోంది, నిన్నే అడుగుదామనుకున్నాను అంది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

ఒక్కసారి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. కొత్తగా వచ్చిన కుర్రాడు నడుపుతున్నాడు, చదువుకున్నవాడే, మర్యాదస్తుడే. అతను ఏది అడిగినా ఆడవాళ్ళందరూ కుర్చీల్లో వెనక్కి తిరిగి నా మొహం చూడటం మొదలుపెట్టారు. అతనికి ఇబ్బంది, నాకు అంతకన్నా. మళ్ళీ వెళ్ళలేదు. వేసవికల్లా ఆ కూటమి ఆగిపోయిందని విన్నాను. ఆ తర్వాత మా ఆయన కంపెనీ మారాల్సి వచ్చి, మా గ్రీన్ కార్డు మొదటికి వచ్చింది. చివరికి అది చేతికొచ్చే సమయానికి మా అమ్మాయికి పదమూడేళ్ళు. అప్పుడు ఒక అసలైన లాయరును మాటవరసకు అడిగాను, అలా ఊరికే చర్చ నడపడం నిజంగా తప్పయ్యేదా అని. ఆయన భుజాలు ఎగరేసి, చెప్పలేం, బహుశా ఎవరూ పట్టించుకునేవారు కాదేమో అన్నాడు. గోడ ఎంత ఎత్తో దగ్గరికి వెళ్ళి కొలిచినవాళ్ళం కాదు మేము. దూరం నుంచి చూసి, చాలా ఎత్తని ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఆ ఏడే ఒక సాయంత్రం మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ సోఫా మీద పడేసి, "అమ్మా, నీ స్టోరీ మా క్లాస్‌లో ఒక గర్ల్ చెప్పింది," అంది.

"ఏ స్టోరీ?"

"ఆ టవర్ స్టోరీ. అందరూ ఒక ఫెయిరీ టేల్ చెప్పాలి కదా, ప్రాజెక్ట్. తన దాంట్లో సాలడ్ లేదు. సవర్ లీఫ్, రెడ్ స్టెమ్స్. అది గోంగూరే కదా? నేను టోటల్‌గా షాక్ అయ్యాను."

ఎవరు చెప్పారట తనకి అని అడిగితే వాళ్ళ గ్రాండ్‌మా అంది. నాన్నగారి మెడ మీద చెర్రీ మచ్చ ఉండేదని చెప్పిన ఆ లైబ్రరీ పెద్దావిడ తప్ప ఇంకెవరై ఉంటారు? ఆవిడకెవరు చెప్పారట అన్నాను.

"వాళ్ళ గ్రాండ్‌మాకి వాళ్ళ గ్రాండ్‌మా. ఇట్ కేమ్ ఫ్రమ్ యూరప్ అంట, షిప్‌లో. ఫ్యామిలీ స్టోరీ అంట."

"అది నేను చెప్పిన కథే. నీకు తెలుసు కదా, చెప్పలేదా ఆ పిల్లకి?"

"చెప్పాను. నో వే అంది. పోనీలే అమ్మా, స్టోరీనే కదా. ఎవరు చెప్తే ఏంటి?"

పెద్దావిడ మీద నాకు కోపం రాలేదు, ఆ మాట నిజం. ఎనభై దాటిన మనిషి, నాయనమ్మ చెర్రీలూ నా గోంగూరా ఆవిడ మనసులో ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి. కథలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఇలాగే వెళ్తాయని, మధ్యలో చెప్పిన మనిషి ఇలాగే రాలిపోతుందని నేనే బల్ల గుద్ది పాఠం చెప్పాను. ఇది విన్నవాళ్ళు, మీ కథ టెక్సస్‌లో పాతుకుపోయింది, అంతకన్నా ఏం కావాలి అని నన్ను ఓదారుస్తారు. వాళ్ళతో నేను ఒప్పుకోను. నాకు పేరు కావాలి, ఇంటిపేరుతో సహా, డిగ్రీతో సహా. బుధవారం బుధవారం జీతం కూడా ఇస్తే కాదనను.

అసలు నన్ను బాధించింది అదీ కాదు. ఇంతకీ ఆ పిల్ల కథలో తప్పెవరిదని చెప్పింది అని మా అమ్మాయిని అడిగాను. "డోంట్ స్టీల్ అని మోరల్," అంది. మరి గోడ సంగతి చెప్పలేదా అన్నాను. మా అమ్మాయి ఫ్రిజ్ తెరిచి పాలు గ్లాసులో పోసుకుంటూ, నిజంగానే అర్థం కాక నా వైపు చూసి, "దాంట్లో వాల్ ఎక్కడుంది అమ్మా?" అంది. ఆకు మిగిలింది, వాదం రాలిపోయింది.

ఇప్పుడు నాకు కారుంది. పక్క ఊరు ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాం, దగ్గరి స్కూళ్ళలో టీచర్లు రాని రోజు వెళ్ళి పాఠాలు చెబుతాను, నా మెళ్ళో వేసుకునే బ్యాడ్జి మీద ఆ ఒక్క రోజుకే నా పేరు ఉంటుంది. మొన్న ప్లేనో వైపు పనుండి ఆ పాత లైబ్రరీలోకి వెళ్ళాను. బాధ్యురాలు రిటైరయిపోయింది. వెనక గదిలో మన పిల్లలే, కంప్యూటర్ల ముందు కోడింగ్ నేర్చుకుంటున్నారు. బయట తల్లులు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళలో ఎవరిని అడిగినా ఆ గదిలో ఒకప్పుడు ఏం జరిగేదో చెప్పలేరు. ఈ తరం పిల్లలకు కథలో గోడ కనబడకపోవడం మంచిదే, దాని నీడలో పెరగలేదు గనక కనబడదు, కనబడకూడదనే కదా మనం అన్నేళ్ళు నోరు నొక్కుకున్నాం. అయినా, మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగినప్పుడు, ఉందే, ఇంత ఎత్తున ఉంది, అని చెయ్యెత్తి చూపించబోయి, ఎక్కడిదాకా ఎత్తాలో తెలియక దించేశాను. జీవితంలో నేను సమాధానం చెప్పకుండా వదిలేసిన వాదన అదొక్కటే.